కేంద్రం తీసేశాం, పేరు దాగలేదు

నేను ముప్పై ఏళ్లకు కాస్త తక్కువగా కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పని చేశాను. మాది హనుమకొండ. పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చాను, ఉద్యోగమంతా నోయిడాలోనే గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏం నేర్చుకోవాలి, ఏం చదవాలి అని అడుగుతుంటారు. నేను నేర్చుకున్న పనిముట్లలో సగం ఇప్పుడు ఎక్కడా లేవు కాబట్టి ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. దానికి బదులు నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెబుతుంటాను. రెండు వేల దశకం మధ్యలో జరిగిన సంగతి. ఆ తప్పుకు శిక్ష నాకు పడలేదు. సలోమి అనే నర్సుకు పడింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

సాకేత్‌లో మొదటి సమావేశం

మా కంపెనీ చిన్నది. ఇరవై మందిమి కూడా లేము. యజమాని మాథుర్ సాబ్ పని తెచ్చేవారు, మేము చేసేవాళ్లం. ఒకసారి ఆరోగ్య రంగంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ పని వచ్చింది. వాళ్ల ఆఫీసు సాకేత్‌లో ఒక ఇంటి కింది అంతస్తులో ఉండేది. ఢిల్లీలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో పనిచేసే నర్సుల సంఘం ఒకటి వాళ్లతో కలిసి పనిచేస్తోంది. ఆస్పత్రుల్లో జరిగే పొరపాట్లు, తృటిలో తప్పిన ప్రమాదాలు నర్సులు ఒకరికొకరు చెప్పుకోవాలి. ఒకచోట జరిగింది ఇంకోచోట జరగకుండా చూసుకోవాలి. అయితే రాసింది ఎవరో యాజమాన్యాలకు తెలియకూడదు.

మొదటి సమావేశానికి నేనే వెళ్లాను. సంఘం కార్యదర్శి మేరీ గ్రేస్ గారిది భీమవరం. పాతికేళ్లుగా ఢిల్లీలో నర్సు. నా పేరు విని, యాస విని తెలుగులోకి మారిపోయారు.

“మేడమ్ గారూ, మేము ఇంతకుముందు ఫిర్యాదులన్నీ ఒక పుస్తకంలో రాసి మా ఆఫీసు బీరువాలో పెట్టుకున్నామండీ. ఒక ఆస్పత్రి వాళ్లు లాయర్ని పంపించి ఆ పుస్తకం తీయించుకున్నారు. అందులో పేర్లున్నోళ్లని ఒక్కొక్కళ్లనే గదిలోకి పిలిచి అడిగారండీ. ఆ తర్వాత ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.”

“ఈసారి పుస్తకం కంప్యూటర్ల ఉంటది. తాళం వేస్తం,” అన్నాను.

“తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?”

“మా దగ్గర.”

“అయితే లాయరు మీ దగ్గరికొస్తాడు. మీరు ఇవ్వకుండా ఉండగలరా?”

ఉండలేమని ఒప్పుకున్నాను. కోర్టు కాగితం వస్తే మాథుర్ సాబ్ ఆ కంప్యూటర్‌ని స్వయంగా మోసుకెళ్లి అప్పగిస్తారని నాకు తెలుసు. అది ఆయన తప్పు కూడా కాదు.

ఆఫీసు క్యాబ్‌లో నోయిడాకు తిరిగి వస్తుంటే దారి పొడవునా అదే ఆలోచన. పుస్తకం ఒకచోట ఉంటేనే కదా ఎవరైనా పట్టుకెళ్లేది. అసలు ఒకచోట లేకపోతే? అప్పట్లో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలు పాటలు ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరు దించుకునేవాళ్లు. మధ్యలో పెద్ద యంత్రం ఉండదు. ప్రతి కంప్యూటరూ కొన్ని ఇతర కంప్యూటర్లను పొరుగువాళ్లుగా పెట్టుకుంటుంది, తనకు వచ్చింది వాళ్లకు అందిస్తుంది, వాళ్లు తమ పొరుగువాళ్లకు. అదే పద్ధతి నర్సులకు పెడితే ఏ లాయరూ ఏ తలుపూ తట్టలేడు. ప్రతి నర్సుల హాస్టల్లోనూ ఒక కంప్యూటర్ ఉంది. ఒక హాస్టల్లో రాసిన కబురు పొరుగు కంప్యూటర్లకు, అక్కణ్ణుంచి వాటి పొరుగుకు పాకిపోతుంది. అందుకున్న కంప్యూటర్‌కు ఇది పక్కవాడు రాసిందా, ఇంకెవరో రాస్తే పక్కవాడు మోసుకొచ్చిందా అనేది తెలియదు. కేంద్రం లేదు, పేరూ లేదు. రెండు సమస్యలకూ ఒకే మందు దొరికిందనుకున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. కేంద్రం లేకపోవడం, పేరు దాగడం ఒకటే అనిపిస్తుంది. అవి రెండు వేరు విషయాలు. చాలాసార్లు ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవాల్సి వస్తుంది. నాకు అప్పటికి ఇది తెలియదు.

నాలుగు వరుసలు

ప్రోగ్రామ్ తయారైంది. సీడీల్లో వేసి పరీక్షకు కొన్ని హాస్టళ్లకు ఇచ్చాం. కబురు ఒక చివర నుంచి ఇంకో చివరకు చేరడానికి అరగంట దాటింది. పొరుగు కంప్యూటర్లను నేను చీటీలు తీసినట్టు ఎటుపడితే అటు ఎంచుకునేలా రాశాను. వాటిలో కొన్ని టెలిఫోన్ తీగ మీద నత్తలా నడిచే కనెక్షన్లు. కబురు వాటిలో చిక్కుకుని ఆగిపోయేది.

మాథుర్ సాబ్ చెడ్డవారు కాదు. జీతం ఏనాడూ ఆలస్యం చేయలేదు, ఎవరి మీదా గొంతు పెంచలేదు. అయితే మాట ముందు ఇచ్చేసి, అది కుదురుతుందా అని తర్వాత మమ్మల్ని అడిగేవారు. సంస్థకు ఇచ్చిన ప్రతిపాదనలో హెచ్చరిక ఒక్క నిమిషంలో అన్ని ఆస్పత్రులకూ చేరుతుందని రాసేశారు.

“వసుధాజీ, ఏక్ మినట్ బోలా హై మైనే,” అన్నారు. “కుఛ్ కీజియే.” ఒక్క నిమిషమని చెప్పేశాను, ఏదో ఒకటి చేయండి అని.

చేశాను. ఎవరు తొందరగా జవాబిస్తారో వాళ్లనే పొరుగువాళ్లుగా ఎంచుకోమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. నాలుగు వరుసల మార్పు. కబురు క్షణాల్లో చేరింది. ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించారు. మేరీ గ్రేస్ గారు అడిగితే నర్సులకు పంచడానికి ఒక కాగితం కూడా నేనే రాసిచ్చాను. మూడు భాషల్లో. అందులో మొదటి వాక్యం: మీరు రాసింది అందరికీ చేరుతుంది, రాసింది మీరని ఎవరికీ తెలియదు.

బేర్ సరాయ్ గదిలో

రుబీనా హైదరాబాద్ అమ్మాయి. సరిగ్గా ఇలాంటి నెట్‌వర్క్‌ల మీదే పరిశోధన చేస్తూ బేర్ సరాయ్‌లో ఒక పుస్తకాల షాపు పైన గది తీసుకుని ఉండేది. ఒక సెమినార్‌లో పరిచయమైంది, నన్ను ఆంటీ అని పిలిచేది. ప్రోగ్రామ్ అందరికీ ఇచ్చేముందు ఒకసారి చూడమని ఒక శనివారం కాగితాలు పట్టుకుని వెళ్లాను. ఆ గదిలో మంచం, బల్ల వేశాక ఇక నిలబడే చోటు కూడా లేదు. ఇద్దరం మంచం మీదే కూర్చున్నాం. మెస్ నుంచి తెచ్చిన రాజ్‌మా అన్నం తింటూ కాగితాలన్నీ చదివింది. చదివాక ఒక చిన్న గుండ్రం, దాని చుట్టూ ఐదు గుండ్రాలు గీసింది.

“దేఖియే ఆంటీ, మీరు నడుమల బాస్‌ని తీసేసిన్రు. మంచిదే. కానీ ఇంతకుముందు బాస్ ఒక్కడే చూస్తుండె. ఇప్పుడు చుట్టుపక్కలోళ్లు అందరు చూస్తున్నరు.”

“చూస్తే ఏమైతది? రాసినోళ్లు, మోసినోళ్లు ఒక్కతీరుగనే కనపడ్తరు. పక్కోళ్లకు తేడా తెల్వది.”

“పక్కోళ్లు ఐదుగురు ఐదు మనుషులైతే తెల్వది. ఐదుగురు ఒక్కడే అయితే?”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె పెన్సిల్‌తో ఐదు గుండ్రాలనూ కలుపుతూ ఒక గీత గీసింది. “ఈ నడుమున్న ఇంట్లకు ఏ కబురు పోవాలన్నా ఈ ఐదిండ్ల నుంచే పోవాలె. ఐదూ ఒకనివే అనుకోండి. వాడు ఈ ఇంటికి ఇయ్యని కబురు ఈ ఇంట్ల నుంచి బయటికొచ్చిందంటే, అది ఈ ఇంట్లనే పుట్టింది. ఇంక సాక్ష్యం ఏం గావాలె?”

“ఒకడు ఐదు కంప్యూటర్లు పెట్టుకుని ఎట్ల వస్తడు?”

“ఎవరు ఆపుతరు? తలుపు కాడ ఎవరన్న ఉన్నరా?”

ఎవరూ లేరు. ఉంచలేం. లోపలికి వచ్చేవాళ్లు నిజంగా నర్సులేనా అని చూడాలంటే ఎవరో ఒకరు అందరి పేర్లూ రాసుకోవాలి. మేరీ గ్రేస్ గారు పోగొట్టుకున్నలాంటి పుస్తకమే మళ్లీ తయారవుతుంది.

రుబీనా ఒక దారి చెప్పింది. కబుర్లను పుట్టిన వెంటనే పంపకుండా ఆపి, రోజుకు రెండుసార్లు నిర్ణీత వేళకు అన్ని కంప్యూటర్లూ ఒకే పరిమాణంలో ఒక్కో కట్ట పంపాలి. చెప్పడానికి ఏమీ లేనివాళ్లు ఖాళీ కట్ట పంపాలి. అప్పుడు చుట్టూ ఎవరున్నా ఏదీ తేల్చుకోలేరు.

“అట్లయితే హెచ్చరిక సగం రోజు ఆలస్యమైతది గదా,” అన్నాను.

“అయితది. ఏదో ఒకటి పోతది ఆంటీ. ఏది పోవాల్నో మీరు తేల్చకండి. నర్సులను అడగండి.”

తిరిగి వెళ్తూ ఆ విషయం నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని పక్కన ‘రెండో దశలో చూడాలి’ అని కూడా రాశాను. నర్సులను అడగలేదు. అడిగితే ఒక్క నిమిషం మాట పోతుంది, మాథుర్ సాబ్‌కు సమాధానం చెప్పాలి, గడువు దగ్గరపడింది. నిజం చెప్పాలంటే నాకు నా డిజైన్ నచ్చింది కూడా. మన పనిలో తెలియక చేసిన తప్పులకంటే, ఎవరో చెప్పాక కూడా రెండో దశకు నెట్టేసిన తప్పులే ఎక్కువ. నేను చూసినంతలో రెండో దశ సాధారణంగా రాదు.

హాస్టల్ కంప్యూటర్

ఐదారు నెలలు బాగా నడిచింది. తర్వాత ఒక ఉదయం మేరీ గ్రేస్ గారు ఫోన్ చేశారు. దక్షిణ ఢిల్లీలో ఒక ఆస్పత్రి వాళ్లు తమ నర్సు ఒకామెను పిలిచి, ఆమె రాసిన కబురును అచ్చు తీసి ముందు పెట్టారని చెప్పారు. “మీరొకసారి వస్తే బాగుంటుందండీ,” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆస్పత్రి వెనకే నర్సుల హాస్టల్. సలోమికి ముప్పై ఏళ్లుంటాయి. నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఎనిమిదేళ్లుగా ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తోంది. విజిటర్ల గదిలో కుర్చీ చూపించి, తను బల్ల చివర కూర్చుంది. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నాను.

“మా వార్డు ట్రేలో రెండు ఇంజెక్షన్లు ఒకేలాగ ఉంటాయండీ. సీసా అదే సైజు, మూత అదే రంగు. ఒకటి నీళ్లలాంటిదే, ఏం కాదు. రెండోది అలాగే ఎక్కిస్తే గుండె ఆగిపోద్ది. వేరేగా పెట్టండని రెండుసార్లు నోటితో చెప్పానండీ. పెట్టలేదు.”

“తర్వాత?”

“తర్వాత నేనే తప్పు సీసా తీశానండీ. సిరంజిలోకి ఎక్కించేశాక, ఎందుకో సీసా మళ్లీ చూశాను. సిరంజి పక్కన పడేశాను. పేషెంటు నాతో మాట్లాడతానే ఉన్నాడు. ఆయన మనవరాలి గురించి చెబుతున్నాడు. అదే రాశానండీ. నేను తప్పు చెయ్యబోయానని రాశాను. ఎవరో చేశారని రాస్తే ఎవరూ పట్టించుకోరు కదండీ. పేరు తెలీదన్నారని ధైర్యం చేసి రాశాను.”

ఆమె ఒప్పుకోలునే వాళ్లు ఆమె మీదకు తిప్పారు. నువ్వే తప్పు చేశానని రాసుకున్నావు, నర్సింగ్ కౌన్సిల్‌కు రాస్తే నీ రిజిస్ట్రేషన్ పోతుంది, అంతకంటే రాజీనామా ఇచ్చి వెళ్లు అన్నారు. చేరినప్పుడు తీసుకున్న అసలు సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. అవి లేకపోతే ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు.

హాస్టల్ కంప్యూటర్ చూపించమన్నాను. కామన్ రూమ్‌లో ఒక మూల ఉంది. దాని పక్కన దారంతో కట్టిన నోటుపుస్తకం వేలాడుతోంది. ఎవరు ఎన్ని గంటలకు కూర్చున్నారో అందులో రాయాలని వార్డెన్ నియమం. ప్రోగ్రామ్ తెరిచి పొరుగు కంప్యూటర్ల జాబితా చూశాను. ఐదు చిరునామాలు. ప్రతి కంప్యూటర్ చిరునామా నాలుగు సంఖ్యలుగా ఉంటుంది. ఐదింటికీ మొదటి మూడు సంఖ్యలు ఒకటే. హాస్టల్ కంప్యూటర్‌కు కూడా అవే మూడు. అంటే ఐదూ ఆస్పత్రి లోపలివే.

హాస్టల్‌కు ఇంటర్నెట్ ఆస్పత్రి భవనం నుంచి కేబుల్ మీద వస్తోంది. ఆస్పత్రి కంప్యూటర్లకంటే తొందరగా జవాబిచ్చేవి ఇంకేవీ ఉండవు. తొందరగా జవాబిచ్చేవాళ్లనే ఎంచుకో అన్న నా నాలుగు వరుసలు, మిగతా ఢిల్లీని మొత్తం వదిలేసి, ఆ ఐదింటినీ తెచ్చి ఈ కంప్యూటర్ చుట్టూ కూర్చోబెట్టాయి. రుబీనా గీసిన బొమ్మ అచ్చంగా అదే.

“ఈ ప్రోగ్రామ్ ఎవరు వేసిన్రు ఇందుల?” అని అడిగాను.

“సీడీ తీసుకోవట్లేదంటే, ఆస్పత్రి కంప్యూటర్ సెక్షన్ భయ్యాని పిలిచామండీ. ఆయనే వేసిచ్చాడు.”

మిగతాది నాకు అర్థమైంది. ఆ భయ్యా ఒక కాపీ ఉంచుకున్నాడు. పైవాళ్లు అడిగితే ఐదు కంప్యూటర్లలో వేశాడు. కబురు ఈ కంప్యూటర్‌లోనే పుట్టిందని అవి చెప్పాయి. ఏ సమయానికి పుట్టిందో చెప్పాయి. ఆ సమయానికి కూర్చున్నది ఎవరో నోటుపుస్తకం చెప్పింది. ఇంక వెతకాల్సింది ఏమీ లేదు.

సలోమి నా పక్కనే నిలబడి ఉంది. “నాలుగు రోజులనించి ఒకటే ఆలోచనండీ, ఎవరు చెప్పుంటారా అని. నా రూమ్‌మేట్‌తో మాటలు మానేశాను,” అంది.

“ఎవరూ చెప్పలే సలోమీ. ప్రోగ్రామే చెప్పింది. అది రాసింది నేనే.”

నా వైపు తిరిగి అడిగింది. “పేరు ఎవరికీ తెలీదని పంచారే, ఆ కాగితం?”

“అది కూడా నేనే రాసిన.”

తల ఊపింది. వార్డుకు వెళ్లే టైమైందని చెప్పింది. వెళ్లేముందు ఆ రూమ్‌మేట్ గది తలుపు తట్టి లోపలికి వెళ్లడం చూశాను.

రెండు ఉత్తరాలు

మాథుర్ సాబ్‌కు మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. సంస్థ లిఖితపూర్వకంగా వివరణ అడిగింది. “సీడీ ఉన్హోనే ది నా బాహర్‌వాలే కో,” అన్నారు. “బస్, యూజర్ ఎర్రర్ లిఖ్ దీజియే.” సీడీని బయటివాడి చేతికి ఇచ్చింది నర్సులే కదా, తప్పు వాడినవాళ్లదని రాసేయమని అర్థం.

నేను రాశాను. ఇక్కడ దాచడం ఎందుకు, నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సీడీ ఇచ్చిన మాట నిజం. జాగ్రత్తలు పాటించని మాటా నిజమే, ఎందుకంటే ఆ జాగ్రత్త చెప్పాలని మాకు తోచలేదు. అబద్ధం లేకుండానే నేరం ఇంకొకరి మీదకు నెట్టే ఉత్తరాలు రాయడం ఆఫీసుల్లో అందరికీ వచ్చు. నాకూ వచ్చు.

ఉత్తరం వెళ్లిన రెండో రోజు మేరీ గ్రేస్ గారు ఫోన్ చేసి, ఆ కాగితం ఆస్పత్రి వాళ్ల చేతికి చిక్కితే సలోమి పని అయిపోయినట్టేనన్నారు. ఆస్పత్రి రహస్యాలు బయటపెట్టడమే కాక, నియమాలు కూడా పాటించలేదని కంపెనీయే రాసిచ్చినట్టవుతుంది. ఆ మధ్యాహ్నం రెండో ఉత్తరం రాశాను. పొరుగు కంప్యూటర్లను వేగాన్ని బట్టి ఎంచుకోవడం నా నిర్ణయం, దానివల్ల ప్రమాదముందని ముందే ఒకరు నాకు చెప్పారు, నేను పట్టించుకోలేదు, రాసినవాళ్ల పేరు దాగుతుందని నర్సులకు ఇచ్చిన హామీ తప్పు, ఆస్పత్రి యాజమాన్యం నర్సుల పేరుతో ఈ నెట్‌వర్క్‌లో ఐదు కంప్యూటర్లు పెట్టింది అని రాశాను. మాథుర్ సాబ్‌కు చూపించి, ఇది పంపుతున్నానని చెప్పాను. పంపవద్దని ఆయన అనలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు కొత్త పనుల సమావేశాలకు నన్ను పిలవలేదు.

రెండో ఉత్తరం పట్టుకుని మేరీ గ్రేస్ గారు ఆస్పత్రి పాలనాధికారి దగ్గరకు వెళ్లారు. దొంగచాటుగా ఐదు కంప్యూటర్లు పెట్టిన సంగతి పదిమందికీ తెలియడం వాళ్లకు ఇష్టం లేదు. కౌన్సిల్ మాట వదిలేశారు. సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చారు. రాజీనామా మాత్రం తీసుకున్నారు. సలోమికి కొన్నాళ్లకు నోయిడాలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పని దొరికింది. జీతం మునుపటికంటే తక్కువ. ఆమెకు న్యాయం జరిగిందని నేను చెప్పను. ఆ ట్రేలో సీసాలు వేరు చేశారని మాత్రం తర్వాత తెలిసింది.

ఈసారి అడిగాను

సంఘం మమ్మల్ని వదిలేస్తుందనుకున్నాను. మేరీ గ్రేస్ గారు వదల్లేదు. “తప్పు ఎక్కడుందో తెలిసినోళ్లు మీరే కదండీ,” అన్నారు. సాకేత్‌లో పదిమంది నర్సులను కూర్చోబెట్టారు. సలోమి కూడా వచ్చింది. రుబీనాను నేను తీసుకెళ్లాను.

ఈసారి బొమ్మలేమీ గీయలేదు. మూడు విషయాలు చెప్పాను. మధ్యలో ఎవరూ లేకుండా ఉండాలి, పేరు దాగాలి, కబురు వెంటనే చేరాలి, ఈ మూడూ మీకు కలిపి ఇవ్వలేను. ఏది వదులుకోవాలో మీరు చెప్పండి.

చాలాసేపు మాట్లాడుకున్నారు. మలయాళంలో, హిందీలో, తెలుగులో. కొందరు పేరు ముఖ్యమన్నారు. కొందరు పేషెంటు ముఖ్యమన్నారు. వాదన ముదిరాక సలోమి మాట్లాడింది.

“సీసాల సంగతి పూట ఆలస్యమైతే మనిషి పోతాడండీ. నేను తప్పు చెయ్యబోయానన్న సంగతి వారం ఆలస్యమైనా ఏం కాదు. రెండూ ఒకే కాగితం మీద ఎందుకు రాయాలి?”

రుబీనా నా వైపు చూసింది. మా ఇద్దరికీ తట్టని విషయం అది. మేము నెలల తరబడి ఒకే దారిలో అన్నీ పట్టించాలని చూశాం. అత్యవసర హెచ్చరికకు రాసినవాళ్ల కథ అవసరం లేదు. ఏ మందు, ఏం ప్రమాదం, అంతే చాలు. నర్సు ఆ ముక్క సంఘానికి చెబితే, అది సంఘం పేరుతోనే వెళ్లవచ్చు.

“కింద నా సంతకం పెట్టండి,” అన్నారు మేరీ గ్రేస్ గారు. “ఎవరైనా అడిగితే నాకొక సిస్టర్ చెప్పిందంటాను. ఏ సిస్టరో చెప్పనంటాను. నన్నేం చేస్తారు?”

మిగతావాటికి నెమ్మది దారి. ఆ దారిలో కేంద్రాన్ని మళ్లీ తీసుకొచ్చాం. ఒకటి కాదు, రెండు. ప్రతి హాస్టల్ కంప్యూటరూ మధ్యాహ్నం మూడింటికి, పొద్దున ఆరింటికి ఒకే పరిమాణంలో ఒక మూసిన కట్ట పంపుతుంది. రాయడానికి ఏమీ లేకపోతే ఖాళీది. అది మొదట సాకేత్‌లో స్వచ్ఛంద సంస్థ ఆఫీసులోని యంత్రానికి చేరుతుంది. దానికి కట్ట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు, లోపల ఏముందో తెలియదు. అన్నీ కలిపి, వరుస చెరిపి, రెండో యంత్రానికి ఇస్తుంది. అది రుబీనా పరిశోధన చేసే విభాగంలో ఉంటుంది. దానికి లోపల ఏముందో తెలుసు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఇద్దరూ కుమ్మక్కైతే అంతా బయటపడుతుంది. ఆ మాట దాచకుండా కొత్త కాగితంలో రాశాం. ఆ కాగితాన్ని పంచేముందు సలోమి చదివింది. రెండు వాక్యాలు కొట్టేసింది. “ఇవి మాకు ధైర్యం చెప్పడానికి రాశారు. ఏం జరగొచ్చో అది చెప్పండి చాలు,” అంది.

కేంద్రం అనే మాట వింటేనే ముఖం తిప్పుకునే ఇంజనీర్లను తర్వాత చాలామందిని చూశాను. వాళ్లతో నేను వాదించను. మీ నెట్‌వర్క్‌లో ఎవరి పేరు బయటపడితే వాళ్లకు ఏమవుతుందో ఒకసారి వెళ్లి చూసి రండి అంటాను. అది చూశాక కేంద్రం ఉండాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

మందు పేరు లేని కబురు

రెండో పద్ధతి మొదలైన కొన్ని వారాలకు నెమ్మది దారిలో ఒక కబురు వచ్చింది. పిల్లలకు వాడే మోతాదు, పెద్దల మోతాదు ఒకే రంగు పెట్టెల్లో వస్తున్నాయని, తమ దగ్గర ఒక పసిబిడ్డకు పెద్దల మోతాదు పడిందని, బిడ్డ బతికిందని రాశారు. రాసినవాళ్లు ఏ కంగారులో ఉన్నారో, మందు పేరు రాయడం మర్చిపోయారు.

మాథుర్ సాబ్ నా బల్ల దగ్గరకు వచ్చారు. “కుఛ్ తో లాగ్ హోగా?” అన్నారు. ఎక్కడో ఏదో నమోదై ఉంటుంది కదా అని.

“నహీ హై సర్.”

కాసేపటికి మేరీ గ్రేస్ గారి ఫోన్. పుస్తకం పోగొట్టుకున్న మనిషి, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని మొదటిరోజే నిలదీసిన మనిషి, ఆవిడే అడిగారు. “ఈ ఒక్కసారికి చూడండి మేడమ్. ఎవరికీ చెప్పను. పసిబిడ్డల సంగతి కదండీ.”

“చూసేటందుకు ఏం లేదు గ్రేస్ గారూ. ఉంటే మీరడిగినందుకు ఇచ్చేదాన్నే. అందుకే లేకుండ చేసిన.”

చెడ్డవాళ్లు అడిగినప్పుడు లేదనడం సులువే. దీనికి సిద్ధపడి ఉండాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. సాకేత్ యంత్రం యజమానులనూ, రుబీనానూ కలిపి అడిగితే ఏదో ఒకటి తీయగలమేమో. ఆ రోజు ఆ ఆలోచన నాకు వచ్చింది. రుబీనాకు ఫోన్ చేయలేదు.

చేయగలిగింది ఒక్కటే. పిల్లల వార్డుల్లో పెట్టెలు ఒకటికి రెండుసార్లు చూసుకోమని మేరీ గ్రేస్ గారి సంతకంతో అందరికీ హెచ్చరిక పంపాం. దాని కింద, ఈ సంగతి రాసినవారు దయచేసి మందు పేరు రాయండి అని చేర్చాం. మధ్యాహ్నం మూడింటి విడతలో ఏమీ రాలేదు. మర్నాడు పొద్దున రాలేదు, మధ్యాహ్నం రాలేదు. ఆ తర్వాత రోజు కూడా అంతే. నేను ప్రతి విడతకూ ఆఫీసులో కబుర్లు కనిపించే కంప్యూటర్ ముందే కూర్చున్నాను. ఈలోగా ఏ వార్డులో ఏం జరుగుతోందో తెలియదు. జరిగితే అందులో నా డిజైన్‌కూ భాగం ఉంటుంది. ఆ మూడు రోజులు నేను తీసుకున్న నిర్ణయం సరైనదని ఎవరైనా అడిగితే గట్టిగా చెప్పలేకపోయేదాన్ని. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.

నాలుగో రోజు మధ్యాహ్నం విడతలో వచ్చింది. మందు పేరు, రెండు మోతాదులు, పెట్టె రంగు ఉన్నాయి. కింద ఇంకో వాక్యం ఉంది: ఆలస్యానికి క్షమించండి, మూడు రోజులుగా ఆ బిడ్డ దగ్గరే డ్యూటీలో ఉన్నాను, ఈ రోజు ఇంటికి పంపించాం.

మేరీ గ్రేస్ గారు పది నిమిషాల్లో అన్ని ఆస్పత్రులకూ హెచ్చరిక పంపారు. రాసింది ఎవరని ఆ తర్వాత ఆవిడ నన్ను అడగలేదు.